దొరకలేదులే నాన్నా

క్వార్టర్స్, మూడో అంతస్తు
ఆదివారం సాయంత్రం

ఒరేయ్ తమ్ముడూ,

బదిలీ అయిన ఊరు చేరాను. సామాను కూడా చేరింది, ఒక్క కుక్కర్ మూత తప్ప. ఈ కాలంలో ఉత్తరం ఏమిటని నవ్వకు. ఫోన్లో నువ్వు రెండుసార్లు "ఊ" అని, ఒకసారి "ఆ" అని, నీ భార్య చేతికి ఇచ్చేస్తావు. కాగితం మీదైతే కనీసం పేజీ నింపాలన్న సిగ్గుంటుంది. జవాబు రాయి.

ఇక్కడా అదే పని. లిఫ్టు ఎక్కడం, దిగడం, తీగలు చూడడం, బరువు వేసి చూడడం, ఎంతమంది ఎక్కొచ్చో రాసి సంతకం పెట్టడం. నచ్చకపోతే ఎర్ర బోర్డు తగిలించడం. వచ్చిన వారంలోనే ఒక భవనం మొత్తానికి శత్రువునయ్యాను. పాపం మెట్లెక్కుతున్నారు, ఎక్కుతున్నంతసేపూ నన్ను తిడుతున్నారు.

అసలు సంగతికి వస్తాను. నా పెట్టెలు నీకు అప్పగించి వచ్చాను, జాగ్రత్త. నువ్వు దాన్ని అక్క పిచ్చి అంటావని తెలుసు. ఊళ్ళో అక్కడక్కడ చిన్న పెట్టెలు దాచడం, దాచిన చోటు ఫోన్లో గుర్తు పెట్టడం, ముక్కూ మొహం తెలియనివాళ్ళు వెతుక్కుంటూ వచ్చి, దొరికితే లోపలి చీటీ మీద పేరు రాసి మళ్ళీ అక్కడే పెట్టెయ్యడం. పిచ్చే. కానీ దానికి జియోకాషింగ్ అని ఒక మర్యాదైన పేరుంది, పిల్లల్ని వెంటేసుకుని వచ్చే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. పెట్టె తడిసిందా, పోయిందా అని దాచినవాళ్ళే కనిపెట్టుకుని ఉండాలి. నేనిక్కడ ఉన్నాను కాబట్టి అది నీ పని. ఆదివారాలు లాయరమ్మనీ మిడతనీ తీసుకుని ఒక చుట్టు తిరిగి రా. పదేళ్ళ కూతురు వాదిస్తుంది, ఆరేళ్ళ కొడుకు గెంతుతాడు, నీకు కాలక్షేపం. పెట్టె పోయినచోట కొత్తది పెట్టు. ఖాళీ డబ్బాలు మీ అటక మీద వదిలాను.

ఒక్క మాట. వెతకడం ఎంత కష్టమో చెప్పడానికి ప్రతి పెట్టెకీ నేనొక నంబరు ఇచ్చాను. ఒకటంటే పిల్లలకి దొరికేది. ఐదంటే పెద్దవాళ్ళకి కూడా తల ప్రాణం తోకకొచ్చేది. నీకిచ్చినవన్నీ ఒకట్లే. ప్రతి చోటా గొంతుక్కూర్చుని, మిడత ఎత్తు నుంచి చూసి ఇచ్చిన నంబర్లవి. వాటి జోలికి మాత్రం వెళ్ళకు.

అక్క


వ్యాన్ షెడ్డు
వ్యాన్ కడిగిన తర్వాత

అక్కకి,

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. నీ కుక్కర్ మూత మా ఇంట్లోనే ఉంది. నీ మరదలు ఇవాళ దాంతోనే వండింది, ఇక దాని మీద ఆశ వదులుకో.

చుట్టు తిరిగి వచ్చాం. దీపస్తంభానికి అయస్కాంతంతో అతికించినది దొరికింది. లైబ్రరీ గోడ గూట్లోది దొరికింది. పార్కు బెంచీ దగ్గరది లేదు. వంతెన మెట్ల దగ్గరది లేదు. పంపుహౌసు కంచె దగ్గరదీ లేదు. మొక్కుబడిగా వెతకలేదక్కా. బెంచీ కిందకి దూరి మరీ తడిమాను. ఎవరో పెద్దాయన చూసి, "ఏం పడిపోయింది బాబూ?" అని అడిగాడు. ఏం చెప్పను? మూడు చోట్లా కొత్త డబ్బాలు పెట్టి వచ్చాను.

పిల్లల సంగతే చెప్పాలి. మొదట గెంతుకుంటూ వచ్చినవాళ్ళు మూడో చోటికి వచ్చేసరికి నోరు మెదపడం మానేశారు. పిల్లలతో వచ్చేవాళ్ళకి ఇంత కష్టం పనికిరాదు. పిల్లలకి కావలసింది ఆట, పరీక్ష కాదు. నువ్వు ఒకటి అని రాసినవి నా లెక్కలో మూడుకి తక్కువ ఉండవు. నంబరైనా మార్చు, చోటైనా మార్చు. రోజూ వ్యాన్ నిండా బడి పిల్లలతో వేగేవాణ్ణి, పిల్లల సంగతి నాకు తెలియదా?

వ్యాన్ బాగానే ఉంది. ఎడమ అద్దం మాత్రం బడి గేటు స్తంభానికి తగిలి పగిలింది. ఆ స్తంభం ఎవడు కట్టాడో గానీ, రోడ్డు మీదకి వచ్చి నిలబడ్డట్టే ఉంటుంది.

తమ్ముడు


క్వార్టర్స్, వంటింటి బల్ల
వాన పడుతోంది

తమ్ముడూ,

కుక్కర్ మూత దానం చేశాననుకుంటాను. పెట్టెల విషయంలో మాత్రం నీతో గొడవ పడక తప్పదు.

పిల్లలకి ఎంత కష్టం పెట్టాలన్న దాని మీద నేను చాలా బుర్ర పాడుచేసుకున్నాను. మరీ సులువైతే మిడత చటుక్కున తీసేసి "ఇంకోటి?" అంటాడు. మరీ కష్టమైతే ఏడుపు. వెతుకుతుండగా ఒక్కసారైనా "లేదేమో" అనిపించాలి, అప్పుడు దొరకాలి. దొరికినప్పుడు వాడు వేసే కేక ఉంది చూడు, దాని కోసమే నా తంటాలన్నీ. నువ్వేమో హారన్ కొట్టినట్టు మూడు, మూడు అంటున్నావు.

పార్కులోది బెంచీ కింద లేదురా. గేటులోంచి వస్తే బెంచీకి కాస్త ముందే, ఎడమ చేతి వైపు, దారి అంచున రాళ్ళ మధ్య పెట్టాను. నీలం మూత సగం బయటికే ఉంటుంది. కళ్ళు నెత్తిమీద పెట్టుకుని నడిచావా? సరే, ఎవరైనా ఎత్తుకుపోయి ఉండొచ్చు. పోయేవి పోతుంటాయి. మూడూ ఒక్కసారే పోవడమే నాకు మింగుడు పడడం లేదు.

నంబరు మార్చను. ఎనిమిది మంది ఎక్కాల్సిన లిఫ్టు మీద ఎవరో బతిమాలారని పది అని రాయను కదా, ఇదీ అంతే.

లాయరమ్మని రెండు ముక్కలు రాయమను. దాని వాదన వినక నా చెవులు తుప్పు పట్టాయి.

అక్క


ఇల్లు, ముందు గది
బుధవారం

అక్కకి,

బెంచీ దగ్గరికి మళ్ళీ వెళ్ళలేదు. అక్కడ కొత్తది పెట్టాను కదా, పోయినదాని గురించి వాదించి ఏం లాభం? ఈసారి ఊరి అటు వైపు వెళ్ళాం. మొక్కల దుకాణం దగ్గరది లేదు. ఆటస్థలం గోడ దగ్గరదీ లేదు. రెండు చోట్లా కొత్తవి పెట్టాను.

లాయరమ్మ ఇప్పుడు వ్యాన్ దిగగానే "దొరకలేదులే నాన్నా, పోదాం" అంటోంది. ఇంకా వెతకడమే మొదలుపెట్టం. మిడత దాని మొహం చూసి నోరు మూసుకుంటాడు. గెంతడం కూడా మానేశాడు. నీ ఒకట్లు నా పిల్లల్ని ఏ స్థితికి తెచ్చాయో చూశావా? రాయకూడదేమో గానీ రాస్తున్నాను. నీకు పిల్లలుంటే ఆ నంబర్లు అలా ఉండేవి కావు.

నీకు ఉత్తరం రాయడానికి లాయరమ్మకి తీరిక లేదు. ఈ మధ్య పొద్దున్నే తయారై నాకంటే ముందు వ్యాన్ దగ్గర ఉంటోంది. ముందు సీట్లో నా పక్కనే కూర్చుంటుంది, నాకు తోడు. వ్యాన్ ముందు దీపం ఒకటి పగిలింది. ఎడమది. అదే స్తంభం.

తమ్ముడు


ఆఫీసు, భోజనాల గది

తమ్ముడూ,

నాకు పిల్లలు లేరని గుర్తు చేసినందుకు సంతోషం. మర్చిపోయి ఉన్నాను.

ఇప్పుడు నేను రాసేది చదువు. ఈ ఆటలో వెతికినవాళ్ళు దాచినవాళ్ళకి ఫోన్లో రెండు ముక్కలు రాస్తారు. ఒక కుటుంబం ఇలా రాసింది: "పార్కులో రెండు పెట్టెలున్నాయి, అసలుది ఏది? మా పాపకి నీలంది ముందు కనిపించింది." ఆ పాపకి నాలుగేళ్ళు. ఫొటో కూడా పంపారు. నా నీలం పెట్టె నేను పెట్టినచోటే రాళ్ళ మధ్య ఉంది. నీ డబ్బా బెంచీ కింద ఉంది. తర్వాత ఇంకెవరో రాశారు, వంతెన మెట్ల దగ్గర రెండున్నాయని. పంపుహౌసు దగ్గర రెండు, మొక్కల దుకాణం దగ్గర రెండు. ఊరంతా నా పెట్టెలు కవలల్ని కన్నాయి.

అంటే నువ్వు వెతకలేదు. డబ్బా ఒకటి అక్కడ విసిరేసి, ఏ కాఫీ కొట్టులోనో నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని, బెంచీ కిందకి దూరానని నాకు కథలు రాశావు. పైగా పిల్లల పేరు చెప్పావు. పిల్లలకి కష్టం, పిల్లలు నోరు మెదపడం లేదు! నీకు బద్ధకమైతే బద్ధకమని చెప్పాల్సింది, నాలుగు తిట్టి ఊరుకునేదాన్ని. ఎప్పుడూ నాకు అబద్ధం చెప్పిన మనిషివి కాదు నువ్వు. నా కడుపుమంట అదే.

అక్క


నా గది, తమ్ముడిది కూడా

అత్తా,

నాన్న అబద్ధం చెప్పలేదు. నీ ఉత్తరం చదివి నాన్న భోజనం చెయ్యలేదు. ఏమైందని అమ్మ అడిగితే, "మీ వదినకి పెట్టెల పిచ్చి ముదిరింది" అన్నాడు.

పెట్టెలు మాకు కనిపించాయి. అన్నీ కనిపించాయి. చెప్పలేదంతే. మొదటి రోజు దీపస్తంభం దగ్గర పెట్టె చూసి వస్తుంటే, పక్కన చిన్న పాప బొమ్మ సైకిలు మీద ఉంది. నాన్న చూసుకోకుండా వెళ్ళి గుద్దుకున్నాడు. పాపకి దెబ్బ తగల్లేదు. మిడత నవ్వి "నాన్నకి కళ్ళు లేవు, నాన్నకి కళ్ళు లేవు" అన్నాడు. నాన్న మొహం ఎలాగో అయిపోయింది. అందుకని బెంచీ దగ్గర మిడత నీలం పెట్టె చూసి అరవబోతుంటే నేను గిల్లాను. నాన్నకే ముందు దొరికితే బాగుంటుంది కదా. కానీ నాన్నకి దొరకలేదు. అప్పుడు చెప్తే ఇంకా బాధపడతాడని చెప్పలేదు. తర్వాత ఎక్కడా చెప్పలేదు.

వ్యాన్లో అయితే చెప్పకుండా ఊరుకుంటే కుదరదు కదా. అందుకే నేను నాన్న ఎడమ పక్క సీట్లో కూర్చుంటాను. సైకిలు వస్తే సైకిలు అంటాను, కుక్క వస్తే కుక్క అంటాను, చిన్నపిల్లలైతే గట్టిగా అంటాను. అప్పుడు నాన్న అటు తల తిప్పుతాడు. ఇది మనిద్దరి ఆట, ఎవరికీ చెప్పొద్దన్నాడు. నీకు చెప్తున్నాను, నువ్వు చెప్పకు. నేను బాగా చెప్తానత్తా. ఒక్కసారే తప్పు చేశాను, దీపం పగిలిన రోజు. వెనక సీటు వాళ్ళు పిలిస్తే తిరిగాను. జలుబు చేసినా నేను బడి మానను. జ్వరం వస్తే ఎలా అని భయం వేస్తుంది.

నాన్నని తిట్టకు. పెట్టెలన్నిటికీ ఐదు అని రాసెయ్యి. ఐదైతే దొరక్కపోయినా పర్లేదు కదా.

ఇట్లు
లాయరమ్మ


క్వార్టర్స్
కొరియర్లో పంపుతున్నాను, శనివారానికి అందుతుంది

నాన్నా,

ముందు నా పోయిన ఉత్తరం చింపెయ్యి తమ్ముడూ. నువ్వు వెతికావు. నాకు తెలుసు.

ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. నీ భార్యకి చేస్తే "పడుకున్నారు వదినా" అంటోంది. మనం పెట్టెల గురించి అలిగామనుకుంటోంది పాపం. దీన్నైనా చివరిదాకా చదువు.

నీకు దొరికినవి దీపస్తంభం, గోడ గూడు. రెండూ కుడి చేతి వైపు, కంటి ఎత్తులో ఉన్నవి. దొరకనివన్నీ ఎడమ పక్క, మోకాలికి కింద ఉన్నవి. దాచింది నేనే కదా, ప్రతిదీ ఎక్కడుందో నాకు గుర్తే. నీ అద్దం పగిలింది ఎడమ వైపు. నీ దీపం పగిలింది ఎడమ వైపు. ఆ స్తంభం ఎక్కడికీ నడిచి రాలేదురా. నీకు ఆ పక్క కనిపించడం లేదు. కళ్ళు నెత్తిమీద పెట్టుకున్నావా అని రాశానే, ఆ చెయ్యి నరుక్కోవాలనిపిస్తోంది.

నేను ఎర్ర బోర్డు పెట్టిన లిఫ్టుల్లో ఒక్కటి కూడా అప్పటికి పడినది కాదు. పడ్డాక బోర్డు పెట్టడానికి నేనెందుకు? ఇన్నాళ్ళూ ఏం కాలేదు కదా అని ప్రతివాళ్ళూ అంటారు, నువ్వూ అంటావు. నీ వ్యాన్లో ఊళ్ళోవాళ్ళ పిల్లలున్నారు. రోడ్డు మీద ఇంకెవరి పిల్లలో ఉంటారు. మన పిల్లలున్నారు.

సోమవారం వ్యాన్ తియ్యకు. బడికి ఫోన్ చేసి వేరే ఏర్పాటు చూసుకోమని చెప్పు. నేను వస్తాను, కళ్ళ డాక్టరు దగ్గరికి ఇద్దరం వెళ్దాం. నువ్వు చెప్పకపోతే సోమవారం పిల్లలు వ్యాన్ ఎక్కకముందే నేను చెప్తాను. బెదిరింపు అనుకుంటే అనుకో.

అక్క


వ్యాన్ షెడ్డు
శనివారం, నీ కొరియర్ కుర్రాడి చేతికే ఇచ్చి పంపుతున్నాను

అక్కా,

నీ సంతకాలు లిఫ్టులకి పెట్టుకో. నా కళ్ళకి నువ్వు నంబరు ఇవ్వనక్కర్లేదు.

డాక్టరు దగ్గరికి నువ్వు తీసుకెళ్ళాలా? ఎప్పుడో వెళ్ళాను. పోయిన చూపు రాదన్నాడు. మిగిలినది చుక్కల మందుతో నిలబెట్టుకోవచ్చన్నాడు. ఏం పని చేస్తావని అడిగితే తోటపని అన్నాను. ఇప్పుడు తెలిసింది కదా, కడుపు చల్లగా ఉందా? నీ మరదలికి తెలియదు. తెలియనివ్వకు.

నాకు ఈ పని తప్ప ఇంకేం వచ్చు? పొద్దున్నే హారన్ వినగానే పిల్లలు సంచీలు ఊపుకుంటూ పరిగెత్తుకొస్తారు. వాళ్ళకి నేనంటే ఎంత ఇష్టమో నీకేం తెలుసు? తల తిప్పి చూసుకుంటాను, మెల్లగా నడుపుతాను. ఇన్నాళ్ళూ ఏం కాలేదు.

ఫోన్ చేస్తావా? చేసుకో. చేస్తే మాత్రం నాకు అక్క లేదు.


క్వార్టర్స్
సోమవారం

చేశాను.

ఫోన్ పెట్టేశాక మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. తిట్టుకో, ఎంత కావాలంటే అంత తిట్టుకో. పిల్లల్ని మాత్రం ఏమీ అనకు. పెట్టెలు తడిస్తే తడవనీ.

నీకు అక్క లేకపోయినా నాకు తమ్ముడున్నాడు.


ఇల్లు, ముందు గది
ఆదివారం, చలి మొదలైంది

అక్కా,

ఇన్ని నెలలూ నువ్వు రాసినవన్నీ అందాయి. అన్నీ చదివాను. నువ్వు వచ్చిన రోజు నేను తలుపు వేసుకుని లోపలే కూర్చున్నాను. నువ్వు తలుపు అవతల చాలాసేపు నిలబడ్డావు. నీ ఊపిరి వినిపించింది.

నీకు ఒక సంగతి చెప్పలేదు. ఆ సోమవారం లాయరమ్మకి జ్వరం. ఒళ్ళు కాలిపోతున్నా బూట్లు తొడుక్కుని గుమ్మంలో నిలబడింది. విప్పించి, దుప్పటి కప్పి షెడ్డుకి వచ్చాను. వ్యాన్ స్టార్టు చేశాను. ఎడమ పక్క సీటు ఖాళీగా ఉంది. గేరు మీద చెయ్యి పెట్టాను గానీ గేరు వెయ్యలేకపోయాను. బయటికి తియ్యాలంటే అటు పక్క ఏముందో నాకు చెప్పేవాళ్ళు లేరు. ఇన్నాళ్ళూ వ్యాన్ నడిపింది నేను కాదక్కా, ఆ పిల్ల. పదేళ్ళ పిల్ల. ఇంజను ఆపి, పక్క వీధి వ్యాన్ అతనికి ఫోన్ చేసి నా వ్యాన్ పిల్లల్ని కూడా ఎక్కించుకోమన్నాను. నువ్వు బడికి ఫోన్ చేసేసరికే నా వ్యాన్ ఆగిపోయి ఉంది. ఆ మాట నీకు రాయలేదు. నిన్ను తిట్టుకోవడానికి నాకేదో ఒకటి కావాలి కదా.

లాయరమ్మ నీకు రాసిందని నాకు తెలుసు. స్టాంపు అడిగింది నన్నే.

నీ మరదలికి అంతా చెప్పాను. తర్వాత ఒక పొద్దున నా వ్యాన్ తాళాలు తీసుకుని వెళ్ళి డ్రైవింగు నేర్పేచోట చేరింది. పక్కన కూర్చుని నేర్పించేది నేను కాదులే, భయపడకు. నేను పక్క వీధి షెడ్డులో బళ్ళ కింద పడుకుని నట్లు బిగిస్తున్నాను. పొద్దున్నే హారన్ వినిపిస్తే ఇంకా బండి కింద నుంచి తల బయటికి పెడతాను. చుక్కల మందు తాను వేస్తానని లాయరమ్మ అంది. వద్దని నేనే వేసుకుంటున్నాను.

ఇవాళ బస్సెక్కి పిల్లల్ని పార్కుకి తీసుకెళ్ళాను. గేటు దగ్గర నిలబెట్టి, "మీకు ఏది కనిపిస్తే అది చెప్పండి, నా కోసం ఆగొద్దు" అన్నాను. మిడత వాళ్ళక్క మొహం చూశాడు. అది తల ఊపింది. వాడు ఒక్క గెంతు గెంతి, "నీలం పెట్టె! నాన్నా, నీ కాలి పక్కనే!" అని పార్కంతా వినిపించేలా కేక వేశాడు. ఎన్నాళ్ళు కడుపులో దాచుకున్నాడో ఆ కేక. నేను తల మొత్తం తిప్పి చూస్తే ఉంది. అసలు దాచినట్టే లేదక్కా. తర్వాత ఊరంతా తిరిగి నా డబ్బాలన్నీ ఏరి సంచిలో వేసుకున్నాం. నంబర్లు మార్చకు. అవి ఒకట్లే.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ముందు సీటు ఖాళీగా ఉంది. లాయరమ్మ దాని వైపు చూసింది. నేను పిల్లని వెనక నా పక్కన కూర్చోబెట్టుకున్నాను. బస్సు కదిలిన కాసేపటికి నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. రోడ్డు మీద అది కళ్ళు మూయడం చూసి ఎంత కాలమైందో. మన స్టాపు వచ్చింది గానీ లేపబుద్ధి కాలేదు. బస్సు ఆఖరి స్టాపుదాకా వెళ్ళి, అక్కణ్ణుంచి నడిచి వచ్చాం.

తమ్ముడు